ఆముదం తాగిన విమానం

పెట్టె మూత తీయగానే ముందు తగిలింది వాసన. మెథనాల్ ఎప్పుడో ఆవిరైపోయింది, ఆముదం మాత్రం చెక్కలోకి ఇంకి అలాగే ఉండిపోయింది. మామయ్య పాతికేళ్ల కిందట బాల్సా అనే తేలికైన చెక్కతో సొంతంగా కట్టిన రేడియో కంట్రోల్ ట్రైనర్ విమానం అది. రెక్క పైన కూర్చుంటుంది, రబ్బరు బ్యాండ్లతో కట్టేయాలి. ఈ కొస నుంచి ఆ కొసకు 160 సెంటీమీటర్లు. ముక్కులో 6.5 సీసీ గ్లో ఇంజిన్, మెథనాల్‌లో ఆముదం కలిపిన ఇంధనంతో నడిచే రకం. "ఎగరేస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టంరా" అని అటక మీంచి దించి చేతికిచ్చాడు.

ఇంజిన్ బిగుసుకుపోయింది. ఆముదం గడ్డకట్టి పిస్టన్‌ని పట్టేసింది. హీట్ గన్‌తో కాసేపు వెచ్చబెట్టి ప్రొపెల్లర్ కదిపితే జిగురు వదిలి తిరిగింది. అంటే బతికే ఉంది. అయినా దాన్ని తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టేశాను. గ్లో ఇంజిన్ చప్పుడు నాకు పడదు. పైగా ఇంధనంలో దాదాపు ఐదో వంతు నూనె ఉంటుంది, అది కాలకుండా సైలెన్సర్లోంచి బయటికొచ్చి విమానమంతా పూసుకుంటుంది. ఎగరేసిన ప్రతిసారీ ఆ జిడ్డు తుడవడం నా వల్ల కాదు. దాని బదులు ఎలక్ట్రిక్ మోటారు పెడదామనుకున్నాను.

ఎలక్ట్రిక్ అంటే నిన్నమొన్నటి సంగతి అనుకునేవాణ్ని. బ్రిటన్‌లో కల్నల్ టాప్లిన్ 1957లోనే ‘రేడియో క్వీన్’ అనే మోడల్‌ని సిల్వర్-జింక్ బ్యాటరీతో ఎగరేశారట. ఆ తర్వాత చాలా ఏళ్లు అడ్డుపడింది బ్యాటరీల బరువే. లైపోలు (తేలికైన లిథియం పాలిమర్ బ్యాటరీలు), బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాక ఆ గొడవ తీరింది.

రెక్క పని తొందరగానే అయింది. పాత కవరింగ్‌ని వేడిచేస్తూ ఒలిచేశాను. విరిగిన పక్కటెముకలు రెండు కొత్తవి కోసి అతికించాను. పగుళ్లిచ్చిన హింజ్‌లన్నీ మార్చాను. కొత్త ఫిల్మ్ ఇస్త్రీ చేసి పరిచాను. అదేమంత పెద్ద కథ కాదు.

కథంతా ముక్కులోనే ఉంది. మోటారు బిగించాల్సిన అడ్డచెక్క, అంటే ఫైర్‌వాల్, దాని వెనక ట్యాంకు కూర్చునే గది, రెండూ నూనెలో నానిన వడల్లా ఉన్నాయి. ఎపాక్సీ జిగురు జిడ్డు మీద అంటదు. అంటినట్టు కనిపిస్తుంది, తర్వాత పొరలా ఊడొస్తుంది. హీట్ గన్‌తో చెక్కని మెల్లగా వెచ్చబెడితే నూనె పైకి తేలింది, టిష్యూ కాగితంతో అద్దాను. ఆపై కార్న్‌ఫ్లోర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి పూతలా పెట్టి, ఎండాక బ్రష్‌తో దులిపాను. పిండి పసుపు రంగుకి తిరిగితే లోపల ఇంకా నూనె ఉన్నట్టే. ఏడుసార్లు పెట్టాను. ఆరోసారికి నా మొహం కూడా ఆముదం తాగినట్టే అయింది.

పాత రేడియో 72 మెగాహెర్ట్జ్‌ది, క్రిస్టల్ పెట్టే రకం. రిసీవర్‌కి కరెంటిచ్చే నికెల్-కాడ్మియం బ్యాటరీ కారిపోయి, నెగటివ్ వైరు లోపలి రాగి చివరిదాకా నల్లబడింది. స్విచ్చితో సహా అన్నీ పీకేసి 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, కొత్త సర్వోలు (రడ్డర్ లాంటివాటిని కదిపే చిన్న మోటార్లు) పెట్టాను. ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ సర్వోతో ఇక పని లేదు. స్పీడ్ కంట్రోలరే మోటారునీ నడుపుతుంది, రిసీవర్‌కి 5 వోల్టులూ ఇస్తుంది.

ఈ సైజు ట్రైనర్‌కి కిలో బరువుకి 200 వాట్లు ఉంటే బాగా ఎగురుతుంది. విమానం 2.4 కిలోలకి తేలుతుందని లెక్కేసి, 800 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 800 చుట్లు) మోటారు, 60 ఆంపియర్ల కంట్రోలర్, నాలుగు సెల్స్ 4000 ఎంఏహెచ్ లైపో తీసుకున్నాను. 12 అంగుళాల ప్రొపెల్లర్‌తో వాట్ మీటర్ 39 ఆంపియర్లు, 15.1 వోల్టులు చూపించింది. అంటే 589 వాట్లు, చాలు. గ్లో ఇంజిన్‌కి 10 అంగుళాలదే ఉండేది కాబట్టి ముక్కు పైకి లేచేలా ముందు చక్రం కాడని కాస్త కిందికి దించాల్సి వచ్చింది, లేకపోతే నేలని దున్నేది. మొదటిసారి మోటారు వెనక్కి తిరిగింది. మూడు వైర్లలో ఏ రెండు మార్చినా సరిపోతుంది. ఎటు తిరుగుతోందో చూసే ఈ పని మాత్రం ప్రొపెల్లర్ ఊడదీసే చేశాను. ఎలక్ట్రిక్ మోటారు దగ్గుతూ మొరాయిస్తూ మొదలవదు, చేయి అడ్డున్నా చూడదు.

తర్వాత వచ్చిన చిక్కు బరువుది. ఇంజిన్, సైలెన్సర్, మౌంట్, ప్రొపెల్లర్ కలిపి 450 గ్రాములు తీశాను. వాటి స్థానంలో పెట్టినవి 290 గ్రాములే. 400 గ్రాముల బ్యాటరీని రెక్క కింద, నాకు వీలుగా ఉన్నచోట పెట్టి, రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో 30 శాతం దగ్గర వేళ్ల మీద నిలబెడితే తోక దబ్బున కిందపడింది. ముక్కులో సీసం పోయడానికి మనసొప్పలేదు. బ్యాటరీ ట్యాంకు గదిలోకే వెళ్లాలి. కానీ ఆ గదికున్న దారి గుండ్రటి చిన్న రంధ్రం, బ్యాటరీ ఏమో ఇటుక. ముక్కు పైభాగం కోసి మూత చేశాను, అడ్డొచ్చిన ఫార్మర్‌ని (లోపలి అడ్డచట్రాన్ని) కూడా కోశాను. కోసిన చోట బలం పోకుండా రెండు వైపులా సన్న ప్లైవుడ్ అతికించాను. మూతకి అయస్కాంతాలు పెట్టాను. గాలి లోపలికొచ్చే కన్నం కంటే బయటికి పోయే కన్నం పెద్దది చేశాను, లేకపోతే లోపల వేడి నిలిచిపోతుంది. ఒక లాభం మాత్రం ఉంది. ఇంధనం అయిపోయేకొద్దీ ముక్కు తేలికవుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా బరువు మారదు.

ఇక నా తెలివి గురించి. ఫైర్‌వాల్ కుడివైపుకి రెండు మూడు డిగ్రీలు, కిందికి మరికొంచెం ఒరిగి ఉంది. మామయ్య చేతిపని అంతే కాబోలు అనుకుని, మోటారుని నిలబెట్టే స్టాండాఫ్‌ల (పొట్టి కడ్డీల) కింద వాషర్లు పేర్చి తిన్నగా, మూలమట్టంతో సరిచూసి మరీ బిగించాను.

మొదటి రోజు రేడియో ఎంత దూరం అందుతుందో చూసే రేంజ్ టెస్ట్ అయింది, అన్నీ సరిగ్గా కదిలాయి. థ్రాటిల్ తోశాను. విమానం పరుగెడుతూనే ఎడమకి తిరిగింది. తోకలోని రడ్డర్‌తో దారికి తెచ్చి ఎలాగో లేపాను. గాలిలో పవర్ పెంచినప్పుడల్లా ఎడమకి లాగుతూ ముక్కెత్తింది, తగ్గిస్తే బుద్ధిగా వెళ్లింది. ఒక్క చుట్టు తిప్పి దించేశాను. కాళ్లు వణికాయి.

ఫోన్ చేస్తే మామయ్య ఒకటే అడిగాడు. "ఫైర్‌వాల్ వంకర సరిచేశావా ఏంటి?"

"చేశాను మామయ్యా."

"అది వంకర కాదురా. కావాలనే పెట్టాను."

వెనకనుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడికి తిరుగుతుంది, ఆ ప్రభావం విమానాన్ని ఎడమకి లాగుతుంది. దానికి విరుగుడుగా ఇంజిన్‌ని కుడికి ఒరగబెడతారు. పవర్‌తో ముక్కెత్తకుండా కిందికి వంచుతారు. నేను ప్రొపెల్లర్ పెద్దది పెట్టి, ఉన్న విరుగుడు తీసేశాను. వాషర్లు పీకడానికి పది నిమిషాలు పట్టింది.

రెండోసారి మామయ్య కూడా వచ్చాడు, జేబులో పాత గుడ్డతో. విమానం గీత గీసినట్టు పరుగెత్తి లేచింది. చప్పుడు లేదు, రబ్బరు బ్యాండ్ల దగ్గర గాలి కోసుకునే సన్నని ఈల తప్ప. ట్రాన్స్‌మిటర్ కాసేపు ఆయనకిచ్చాను. టైమర్ ఆరు నిమిషాలకి మోగగానే దించాం. ఇంటికెళ్లి చార్జ్ పెడితే 1,850 ఎంఏహెచ్ ఎక్కింది, అందుకే ఇప్పుడు టైమర్ ఎనిమిదికి మార్చాను.

దిగగానే ఆయన అలవాటుగా గుడ్డ తీసి పొట్ట తుడవబోయాడు. పొడిగా ఉంది. మూత తీసి లోపల చూశాడు. మోటారు వేడికి ఫైర్‌వాల్ మూలలో ఒక్క నూనె చుక్క ఊరి మెరుస్తోంది. దాన్ని తుడిచి, గుడ్డ వాసన చూసి, నా ముక్కు దగ్గరా పెట్టాడు.