గొడుగు మాస్టారి చువ్వ

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదో ఒకటి రాయాల్సిందేనని కమిటీ వాళ్లు పట్టుబట్టారు. ఎవరి గురించి రాస్తానో మన బ్యాచ్‌కు ముందే తెలుసు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చదివామో నన్నడక్కండి. తొమ్మిదిలో గొడుగు మాస్టారు, మేడ మీద మీటరు ఇనుప చువ్వ. అంతే.

ముందు ఋతువులు ఎందుకు మారతాయో చెప్పే బల్బు, బత్తాయి పాఠం. బల్బు సూర్యుడు, బత్తాయి భూమి, పుల్ల భూమి ఇరుసు. బత్తాయికి గుచ్చిన చీపురుపుల్లను 23.5 డిగ్రీలు వంచి బల్బు చుట్టూ నడవాలి. మనిషితో పాటు పుల్లా తిరిగిపోతే కొస ఎప్పుడూ బల్బు వైపే ఉంటుంది, ఋతువు మారదు. అందుకని ఆజ్ఞ: ఏ మూల ఉన్నా పుల్ల కొస హెడ్మాస్టరు గది వైపే! (ఆ ఆజ్ఞను మనవాళ్లు తర్వాత దేనికి వాడుకున్నారో ఇక్కడ రాయను.) సూర్యుడు దగ్గరైతే వేసవి అన్నవాళ్లకు ఆయన జవాబు గుర్తుందా? జనవరి మొదట్లో 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. దగ్గరున్నప్పుడే గదా ధనుర్మాసం పొంగలి తినేది!

ఇక నీడ కొలిచే చువ్వ. దారానికి రాయి కట్టి రెండు పక్కల నుంచీ నిలువు చూడాలి. ఒక్క డిగ్రీ ఒరిగినా నీడ కొస దాదాపు రెండు సెంటీమీటర్లు తప్పుతుంది. దిక్సూచి అక్కర్లేదు. చువ్వ మొదలు చుట్టూ సుద్దతో వలయం గీసి, నీడ కొస పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దాన్ని తాకిన చోట్లు కలిపితే అదే తూర్పు పడమర. గడియారంలో పన్నెండవగానే కొలిస్తే తప్పు. మన దేశం టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, చెన్నై అంతకు పడమరగా 80.27 దగ్గరుంది. ఏప్రిల్ చివర్లో నడిమధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికన్నా పైకొచ్చే వేళ, 12:07కి.

నడిమధ్యాహ్నం చువ్వ నీడ డిసెంబరు 22న ఉత్తరానికి 74 సెంటీమీటర్లు, మార్చి 21న 23, ఏప్రిల్ 24 ప్రాంతంలో సున్నా, జూన్ 21న దక్షిణానికి 18, ఆగస్టు 18 ప్రాంతంలో మళ్లీ సున్నా. నడినెత్తి సూర్యుడు రెండుసార్లు వస్తే రోళ్లు పగిలే ఎండ రోహిణి కార్తెలోనే ఎందుకు? నేల వేడెక్కడానికి వారాలు పడుతుంది, ఆగస్టుకు మబ్బులు, సాయంత్రం వానలు అడ్డం. డిసెంబరు మధ్యాహ్నం కూడా మనకు నడినెత్తి ఎండలో నూటికి 80 పాళ్లు దక్కుతుంది, పగలు 11 గంటల 20 నిమిషాలకు తగ్గదు. చెన్నైకి చలికాలం పేరుకే. ఋతువు మారిందని చెప్పేది ఈశాన్య వానలే. వాటికీ మూలం భూమి ఇరుసు వంపే: ఉత్తరాన నేల చల్లబడి గాలి మళ్లుతుంది.

నుంగంబాక్కంలో 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీ రాతిస్తంభం మీద తెలుగు అక్షరాలు చూపించి ఆయన తలెగరేసిన తీరు వేరే చెప్పాలా?

ఇప్పుడు నా పని మేడల మీద సోలార్ పలకలు పెట్టించడం. నగరంలో చాలా పెద్ద కప్పులకు లెక్క నాదే. దక్షిణానికి 13 డిగ్రీల వాలు చాలు. వరసల మధ్య ఎడం మాత్రం డిసెంబరు 22 ఉదయం తొమ్మిది గంటల నీడను బట్టి వదలాలి. జూన్ నీడ చూసి ఇరికిస్తే చలికాలంలో ముందు వరస నీడ వెనక వరస మీద పడి కరెంటు పడిపోతుంది.

మన బడి మేడకూ లెక్క కట్టాను. నీళ్ల ట్యాంకు నీడ పడే మేర వదిలేసినా పది కిలోవాట్లు పడతాయి. కొటేషన్‌లో నా కూలి వేయలేదు, మిగతాది కమిటీ చూసుకోవాలి.