బందెలదొడ్డి

ఆ మాట మా నాన్నగారిది. 2023 జూన్‌లో ఒక రాత్రి ఇర్వింగ్‌లోని మా ఇంట్లో టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ మ్యాచ్ చూస్తూ, బుల్‌పెన్ అంటే ఏమిటని ఆయన అడిగారు. ఎద్దులను కట్టేసే దొడ్డి అని ముందుగా మాటకు అర్థం చెప్పి, మైదానం అంచున కంచె వెనక రిలీఫ్ పిచర్లు, అంటే మధ్యలో దిగి బంతి వేసేవాళ్ళు, తమ వంతు కోసం కూర్చునే చోటు అదని వివరించబోయేలోపే, "అయితే బందెలదొడ్డి అను. ఒకడి చేలో పడి మేసిన గొడ్లను తోలి పెట్టేది" అన్నారు. పన్నెండేళ్ళ మా అమ్మాయి అర్థం అడిగి తెలుసుకుని, స్కోరు రాసుకునే పుస్తకం అట్ట మీద ఆ మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంది. ఆ వేసవిలో రేంజర్స్ రిలీవర్లు ఎదుటివాళ్ళకు పంటంతా ఎలా అప్పగించారో చూసినవారికి ఇంతకంటే సరైన అనువాదం దొరకదు.

ఈ ఆట అలవాటు లేనివారికి కొంత చెప్పాలి. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్ తానే పూర్తిచేయడం ఈ రోజుల్లో చాలా అరుదు. అయిదో ఇన్నింగ్సో ఆరో ఇన్నింగ్సో గడిచి, వేసిన బంతుల లెక్క తొంభైకి చేరేసరికి డగౌట్ నుంచి బుల్‌పెన్‌కు ఫోన్ వెళ్తుంది. కాసేపటికి మేనేజర్ తానే మైదానంలోకి నడిచి వెళ్ళి పిచర్ ముందు చేయి చాపుతాడు. పిచర్ బంతిని ఆ చేతిలో పెట్టి తల వంచుకుని వెళ్ళిపోతాడు. క్రికెట్‌లో కెప్టెన్ ఒక బౌలర్‌ను పక్కన పెట్టినా నాలుగు ఓవర్ల తర్వాత మళ్ళీ పిలవవచ్చు కానీ, ఇక్కడ మైదానం విడిచినవాడికి ఆ మ్యాచ్‌లో మళ్ళీ చోటు లేదు. తెనాలిలో క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా పెరిగిన నాకు, అంతమంది ముందు అలా బంతిని అప్పగించి రావడం మొదట్లో చాలా అవమానకరమైన తంతుగా కనిపించేది.

స్వల్ప ఆధిక్యాన్ని నిలబెట్టి మ్యాచ్ ముగించిన రిలీవర్ ఖాతాలో ఒక 'సేవ్' పడుతుంది. 1969 నుంచి ఇది అధికారికమైన లెక్క. నిలబెట్టవలసిన సమయంలో వచ్చి పోగొట్టినవాడి ఖాతాలో పడేది 'బ్లోన్ సేవ్'. ఇది మా నాన్నగారికి తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు మా అమ్మాయి చాలాసేపు తడుముకుని, "కాపాడటానికి వస్తాడు తాతయ్యా, కానీ కాపాడడు" అంది. "ఎవరిని?" అని ఆయన అడిగారు. "ముందు ఆడినవాళ్ళు చేసిన పనిని" అని పిల్ల జవాబు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్కతో సరిపెట్టే పిల్ల ఆ ఆరు నెలల్లో మాట్లాడిన పొడవైన తెలుగు వాక్యాలన్నీ బేస్‌బాల్ గురించినవే. వారాంతపు తెలుగు బడికి మేము కట్టిన ఫీజు గురించి నేనిక్కడ ఏమీ అనదలచుకోలేదు.

ఆ ఏడాది రేంజర్స్ సేవ్‌లు 30, బ్లోన్ సేవ్‌లు 33. కాపాడవలసిన సందర్భాలు అరవై మూడు వస్తే సగం కూడా నిలబెట్టుకోలేదన్నమాట. ఈ అంకెను నేను ఆఫీసులో, గుడిలో, కిరాణా దుకాణంలో కనబడినవారందరికీ చెప్పేవాణ్ణి. ఏడో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం పోగొట్టినవాడికి కూడా బ్లోన్ సేవ్ రాస్తారనీ, కానీ ఏడో ఇన్నింగ్స్‌లో బాగా వేసి బంతిని మరొకరికి అప్పగించినవాడికి సేవ్ ఇవ్వరనీ, అందువల్ల ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తిట్టడం అన్యాయమనీ మా అమ్మాయి వాదన. వాదన సరైనదే. అయినా ఆధిక్యం పోయిన రాత్రి నిద్రపట్టకపోవడానికి ఈ వివరణ మందు కాదు. ఆగస్టులో వరుసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడిపోయారు. చివరికి హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో సమానంగా 90 విజయాలు సాధించి కూడా, ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లలో వెనకబడి ఉండటం వల్ల తమ విభాగపు టైటిల్‌ను, అంటే డివిజన్ టైటిల్‌ను, వాళ్ళకు వదులుకున్నారు. ఆ ముప్పై మూడింటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి తగ్గి ఉంటే ఆ టైటిల్ మాదే.

మేనేజర్ బ్రూస్ బోచీ అప్పటికే శాన్‌ఫ్రాన్సిస్కో జయింట్స్‌కు 2010, 2012, 2014లలో మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే ఏడాది చివర జరిగే ఫైనల్ పోరులు, గెలిపించినవాడు. అందులో 2010లో ఓడిపోయింది మా రేంజర్సే. అంతటివాడిని విశ్రాంత జీవితం నుంచి పిలిపించుకున్నాక నమ్మవద్దా అని మిత్రులు అడిగేవారు. కానీ జూలైలో, ఆగస్టులో రిలీవర్‌గా అదే విల్ స్మిత్, అదే తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ముగింపు చూసి చూసి నా సహనం నశించింది. జూన్ ఆఖరున కాన్సస్ సిటీ నుంచి తెచ్చుకున్న అరోల్డిస్ చాప్‌మన్ బంతిని గంటకు వంద మైళ్ళ వేగంతో విసిరేవాడే, అయితే అది ఎక్కడ పడుతుందో అతనికీ మాకూ ఒకేసారి తెలిసేది.

ఆ జూలైలోనే అమ్మాయిని గ్రాండ్ ప్రెయిరీలో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి సీజన్ చూడటానికి తీసుకువెళ్ళాను. ఆ స్టేడియం మొదట బేస్‌బాల్ కోసం కట్టినదే, తర్వాత క్రికెట్‌కు మార్చారు. పసుపు చొక్కాల మధ్య ఈలల హోరులో నేను ఇరవై ఏళ్ళు చిన్నవాణ్ణయి కేకలు వేస్తుంటే, పిల్ల చుట్టూ పరికించి చూసి, "ఇక్కడ బందెలదొడ్డి ఎక్కడుండేది నాన్నా?" అని అడిగింది.

నా అపనమ్మకానికి పాత కారణం కూడా ఉంది. మా అమ్మాయి పుట్టిన ఏడాది, 2011 అక్టోబర్ 27న, సెయింట్ లూయిస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ నేను ఈ ఆటను చివరిదాకా మేలుకుని చూసిన మొదటి రాత్రి. సిరీస్‌లో 3-2 ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5 ఆధిక్యం, ఇంకొక్క స్ట్రైక్, అంటే బ్యాటర్ కొట్టలేని ఇంకొక్క మంచి బంతి, పడితే రేంజర్స్ చరిత్రలో తొలి టైటిల్. నెఫ్తాలీ ఫెలిజ్ వేసిన బంతిని డేవిడ్ ఫ్రీస్ కుడివైపు లోతుగా కొట్టాడు, నెల్సన్ క్రూజ్ వెనక్కి పరుగెత్తాడు, బంతి అతని తల మీదుగా పోయింది. ఆధిక్యం ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌లో క్రూజ్ స్థానంలో మరింత చురుకైన ఫీల్డర్‌ను ఎందుకు పెట్టలేదని మేనేజర్ రాన్ వాషింగ్టన్‌ను ఈ ఊరు ఇప్పటికీ అడుగుతుంది. పదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ రెండు పరుగుల ఆధిక్యం వచ్చింది, మళ్ళీ ఒక్క స్ట్రైక్ దూరంలో చేజారింది. పదకొండో ఇన్నింగ్స్‌లో అదే ఫ్రీస్ మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టాడు. తర్వాతి రాత్రి సిరీస్ కూడా పోయింది. ఉయ్యాలలో పిల్ల ఏడుస్తోందని మా ఆవిడ రెండుసార్లు పిలిచినా నేను లేవలేదట, ఇప్పటికీ అంటుంది.

2023 సెప్టెంబర్‌లో జరిగిన సంగతి ఇప్పుడు చెప్పాలి. మా అమ్మాయి పన్నెండేళ్ళలోపు పిల్లల సాఫ్ట్‌బాల్ లీగ్‌లో పిచర్. ఒక శనివారం ఉదయం వరుసగా ముగ్గురిని వాక్ చేసి, అంటే గురి తప్పిన బంతులతో ఊరికే బేస్ మీదికి పంపి, బేస్‌లన్నీ నింపేసింది. ఆమె భుజాలు చెవుల దాకా బిగుసుకుపోవడం కంచె ఇవతల మడత కుర్చీలో కూర్చున్న నాకు కనబడుతూనే ఉంది. కోచ్ లేచి వెళ్ళి రెండు మాటలు మాట్లాడి, బంతిని ఆమె చేతిలోనే వదిలేసి తిరిగి వచ్చేశాడు. నాలుగు పరుగులు పోయాయి, మ్యాచ్ పోయింది. తిరుగు ప్రయాణంలో, ఆయన నిన్ను తీసేయవలసింది, పిల్లల్ని అలా నిలబెట్టి ఏడిపించడం ఏం కోచింగ్ అని నేను మొదలుపెట్టాను. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ, "నన్ను ఉంచమని నేనే అడిగాను" అంది. ఇల్లు చేరేదాకా మరేమీ మాట్లాడలేదు.

అక్టోబర్ 20, శుక్రవారం సాయంత్రం. వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టయిన అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్‌లో ఆస్ట్రోస్‌తో అయిదో మ్యాచ్, ఆర్లింగ్టన్‌లో మా సొంత మైదానం. మా అడోలిస్ గార్సియా మూడు పరుగుల హోమ్ రన్‌తో 4-2 ఆధిక్యం తెచ్చిపెట్టాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గార్సియాకు బంతి తగలడం, రెండు జట్లూ మైదానంలోకి వచ్చి తోసుకోవడం, గార్సియాతో పాటు అవతలి పిచర్‌నూ మేనేజర్‌నూ కూడా బయటికి పంపడం, వీటన్నిటితో ఆట చాలాసేపు ఆగిపోయింది. అంతకుముందే వచ్చి ఎనిమిదో ఇన్నింగ్స్ ముగించిన మా రిలీవర్ హోసే లెక్లెర్క్ అంతసేపూ డగౌట్‌లో కూర్చునే ఉన్నాడు. చల్లబడిన చేయితో అతన్నే మళ్ళీ తొమ్మిదో ఇన్నింగ్స్‌కు పంపవద్దని నేను టీవీతో చెప్పాను. ఒక రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలని 2020లో పెట్టిన నిబంధన, వచ్చినవాడు ఇన్నింగ్స్ ముగిస్తే వర్తించదు కాబట్టి, బోచీ చేతులను ఎవరూ కట్టేయలేదు. అయినా లెక్లెర్క్‌నే పంపాడు. ఒక సింగిల్, జాన్ సింగిల్టన్‌కు ఒక వాక్, ఆ వెంటనే అయిదడుగుల ఆరంగుళాల హోసే అల్టూవే ఎడమవైపు కంచె దాటించిన మూడు పరుగుల హోమ్ రన్. 5-4తో ఓటమి.

నేను ఏమేమి అన్నానో మా నాన్నగారి ఎదుట మళ్ళీ అనలేను. లెక్లెర్క్‌ను ఇక ఈ ఏడాది ముట్టుకోకూడదన్నాను. "దొడ్డిలో ఇంకెవరున్నారు నాన్నా?" అని పిల్ల ప్రశాంతంగా అడిగింది. స్మిత్ పేరు చెప్పబోయి నాకు నేనే ఆగిపోయాను. మేనేజర్‌ను తిట్టేవాడికి వచ్చే చిక్కు ఇదే. తీసేయవలసినవాడు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాడు, పెట్టవలసినవాడు కనిపించడు. ఎవరైనా సరే, వీడు మాత్రం వద్దు, ఒకసారి ఇలా చేసినవాణ్ణి మళ్ళీ పంపేవాడు మూర్ఖుడు అని నేను ముగించాను.

పిల్ల పెన్సిల్ కింద పెట్టి, ఈసారి ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా అడిగింది: "ఉగాదికి నన్ను తీసేసినట్టా?"

ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు ఇక్కడి సంఘం ఉగాది వేడుకలో కీర్తన పాడుతూ అనుపల్లవి మరిచిపోయింది. మైకు ముందు పట్టుపరికిణీ అంచు నలుపుతూ కాసేపు నిలబడి, కిందికి దిగి వచ్చేసింది. పైవారం నుంచి నేనే సంగీతం క్లాసు మాన్పించాను. సున్నితమైన పిల్ల, మనసు నొచ్చుకుంటుంది అని అందరికీ చెప్పాను. నొచ్చుకున్నది ఎవరి మనసో నాకు తెలియదని కాదు. రెండు లేఆఫ్‌లు చూసి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ పదేళ్ళు బతికినవాడికి, గ్యారంటీ లేని చోట నిలబడటం ధైర్యంగా కాక నిర్లక్ష్యంగా కనిపించడం అలవాటైపోయింది. కానీ ఆ లెక్కను ఎనిమిదేళ్ళ పిల్ల పాట మీద వేశాను.

నాకు బదులు మా నాన్నగారు మాట్లాడారు. "చేతన్ శర్మ గుర్తున్నాడురా?" అన్నారు. 1986 ఏప్రిల్ 18, షార్జా. ఆఖరి బంతికి పాకిస్తాన్‌కు నాలుగు పరుగులు కావాలి, చేతన్ శర్మ ఫుల్‌టాస్ వేశాడు, మియాందాద్ సిక్సర్ కొట్టాడు. నాకు అప్పుడు పదేళ్ళు. పక్కింటివాళ్ళ టీవీ ముందు నుంచి లేచి వచ్చి అన్నం మానేశాను. ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి దేశం ఎన్ని మాటలన్నదో, ఆ మాటల్లో మా వీధి వంతు ఎంతో నాకు తెలుసు. మరుసటి ఏడాది నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద ముగ్గురిని వరుస బంతుల్లో బౌల్డ్ చేసి ప్రపంచ కప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ తీసింది కూడా అతనే. పిల్లకు ఈ కథ కొత్త. "ఆయన్ను మళ్ళీ పంపింది ఎవరు తాతయ్యా?" అని అడిగింది. "కపిల్ దేవ్" అన్నారాయన. పిల్ల ఆ పేరును బందెలదొడ్డి కింద రాసుకుంది.

ఆదివారం హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్. 4-2 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్, బేస్‌లు మూడూ నిండి ఉండగా పిచర్ నిలబడే మౌండ్ మీద లెక్లెర్క్. ఎదురుగా శుక్రవారం అతను వాక్ ఇచ్చిన అదే సింగిల్టన్. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, నేను మాత్రం వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. స్ట్రైకవుట్ అని పిల్ల అరుపు విని ఇవతలికి వచ్చాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గార్సియా, అప్పటిదాకా నాలుగుసార్లు స్ట్రైకవుట్ అయినవాడు, గ్రాండ్ స్లామ్, అంటే బేస్‌లన్నీ నిండి ఉండగా నాలుగు పరుగుల హోమ్ రన్, కొట్టాడు.

దీనివల్ల శుక్రవారం బోచీ చేసింది సరైనదని రుజువైందని నేను ఒప్పుకోను. 2007 టీ20 ఫైనల్‌లో ధోనీ ఆఖరి ఓవర్‌ను జోగిందర్ శర్మ చేతికిచ్చాడు, మిస్బా కొట్టిన బంతి శ్రీశాంత్ చేతుల్లో పడింది కాబట్టి అది మేధావితనమైంది. ఓ పది గజాలు అటు పడి ఉంటే ఆ ఓవర్ మరో షార్జా. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచకూడదని పిల్లకు చెప్పాను. "అయితే శుక్రవారాన్ని కూడా తూచకూడదు కదా" అంది.

మర్నాడు మహానవమి. ఆయుధపూజకు నా లాప్‌టాప్, మా ఆవిడ కారు తాళాలు, వంటింటి కత్తిపీట పక్కన పిల్ల తన తోలు గ్లవ్ తెచ్చిపెట్టింది. మా నాన్నగారు దానికి పసుపు రాయవచ్చా, తోలు పాడవుతుందా అని కొంత ఆలోచించి, బొటనవేలి దగ్గర చిన్న కుంకుమబొట్టు మాత్రం పెట్టారు. ఆ రాత్రి ఏడో మ్యాచ్‌లో రేంజర్స్ 11-4తో గెలిచి వరల్డ్ సిరీస్‌కు చేరారు. సంగీతం క్లాసుకు మళ్ళీ వెళ్తావా అని నేను ఆ వారంలోనే అడిగాను. వద్దంది.

నాన్నగారు నెలాఖరున తెనాలికి తిరిగి వెళ్ళిపోయారు. నవంబర్ 1 రాత్రి ఫీనిక్స్‌లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ మీద 5-0తో వరల్డ్ సిరీస్ ముగిసేటప్పటికి అక్కడ గురువారం ఉదయం. చివరి బంతి వేసినవాడు జాష్ స్బోర్జ్, బందెలదొడ్డిలో నేను అందరికంటే ఎక్కువగా తిట్టినవాళ్ళలో ఒకడు. ఫోన్ మోగడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పిల్ల స్పీకర్ పెట్టింది.

"ఆఖర్న ఎవరమ్మా వేసింది? దొడ్డిలోవాడేనా?"

"దొడ్డిలోవాడే తాతయ్యా. ఏడుగురిని అవుట్ చేశాడు. ఒక్కడే."

"మీ నాన్న తీసేయమన్నాడా?"

పిల్ల నావైపు చూసింది. ఏడో ఇన్నింగ్స్‌లో అతను బంతి అందుకున్నప్పుడు నేనన్న మాట ఆమె విన్నది.

"రెండుసార్లు" అంది.