మెడనొప్పితో మొదలై బ్రెస్ట్ రిడక్షన్ దాకా: నా అనుభవం

రొమ్ములు తగ్గించుకునే ఆపరేషన్ చేయించుకున్నానని చెబితే ఆడవాళ్లు కూడా ముందు అడిగేది "అంత అవసరం ఏమొచ్చింది?" అనే. అవసరం వచ్చింది కాబట్టే చేయించుకున్నాను. ఇదే బాధ పడుతూ పైకి చెప్పుకోలేనివాళ్లు మనలో చాలామంది ఉన్నారని నా నమ్మకం. వాళ్ల కోసమే ఇది.

మాది మదనపల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో స్థిరపడ్డాం. నాకు నలభై దాటింది, ఇద్దరు పిల్లలు. మొదటి నుంచీ రొమ్ములు పెద్దవే. రెండో కాన్పు తర్వాత ఇంకా పెరిగాయి, పాలు మాన్పించాక కూడా తగ్గలేదు. మెడ, భుజాలు, వీపు పైభాగం ఎప్పుడూ లాగుతుండేవి. బ్రా పట్టీలు ఒరుసుకుని భుజాల మీద గుంటలు పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కేవి. ఎండాకాలంలో రొమ్ముల కింద చెమట పట్టి, చర్మం ఎర్రబడి, రసి కారేది. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. బోర్లా పడుకోవడం, పరుగెత్తడం నేనెప్పుడో మానేశాను.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు మొహమాటం లేకుండా చెప్పింది: "వ్యాయామాలతో కండరాలు గట్టిపడతాయి మేడమ్. కానీ ముందుకు లాగే బరువు అలాగే ఉంటుంది కదా. ప్లాస్టిక్ సర్జన్‌ని ఒకసారి అడిగి చూడండి."

మా అక్కకు ఫోన్లో చెబితే, "ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడు ఈ అందాలెందుకే? ఒళ్లు తగ్గు, అవే తగ్గుతాయి" అంది. ఒళ్లు తగ్గిచూశాను. నడుము తగ్గింది, చుట్టుకొలత తగ్గింది, రొమ్ముల బరువు మాత్రం అక్కడే వేలాడింది. సర్జన్ గారిని అడిగితే అర్థమైంది. రొమ్ములో కొవ్వుతో పాటు పాలగ్రంథుల కణజాలం కూడా ఉంటుంది. అది ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎంత డైట్ చేసినా పెద్దగా తేడా రాదు.

ఆయన బొమ్మ గీసి చూపించారు. అదనపు కొవ్వు, గ్రంథి, చర్మం తీసేస్తారు. చనుమొనను మాత్రం రక్తనాళాలు, నరాలు తెగకుండా కొంత కణజాలంతో కలిపి ఉంచి, పైకి జరిపి కుడతారు. నా విషయంలో కోత చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, రొమ్ము కింది మడతలో అడ్డంగా, లంగరు ఆకారంలో వస్తుందన్నారు. మచ్చలు జీవితాంతం ఉంటాయి. చనుమొన దగ్గర స్పర్శ తగ్గొచ్చు. ఆపరేషన్ తర్వాత బిడ్డ పుడితే పాలు సరిపోకపోవచ్చు, అసలు ఇవ్వలేకపోవచ్చు. నాకు పిల్లలయ్యారు కాబట్టి ఆ బెంగ లేదు. పెళ్లికాని అమ్మాయిలు, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం మీద డాక్టరుతో ఎంతసేపైనా మాట్లాడాలి.

అలాగని చిన్న వయసులో ఎవరూ చేయించుకోరని కాదు. టెన్నిస్ ఆడే సిమోనా హాలెప్ ఆటకు అడ్డమవుతున్నాయని 2009లో, టీనేజ్‌లోనే ఈ ఆపరేషన్ చేయించుకుంది. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది. ఆవిడ కథ పంపించాక అక్క నన్ను అందాల గురించి మళ్లీ అడగలేదు.

ఇన్సూరెన్స్ సంగతి ముందే చూసుకోండి. మన దేశంలో పాలసీల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలు మినహాయింపుల కింద ఉంటాయి. వైద్యపరంగా తప్పనిసరి అని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరిస్తే పరిశీలించే వీలు అదే నిబంధనలో ఉంది. మా ఇన్సూరెన్స్ కంపెనీ క్యాష్‌లెస్ కుదరదంది. సర్జన్ రాసిన లెటర్, ఫిజియోథెరపీ బిల్లులు, చర్మం డాక్టరు ప్రిస్క్రిప్షన్లు అన్నీ పెట్టి క్లెయిమ్ చేస్తే తర్వాత కొంత వచ్చింది. పాత కాగితం ఒక్కటి కూడా పారేయొద్దు.

రక్తపరీక్షలు, ఈసీజీతో పాటు మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) చేయించారు. ఆపరేషన్ రోజు పొద్దున నన్ను నిలబెట్టి మార్కర్ పెన్నుతో గీతలు గీశారు. పడుకుంటే రొమ్ము పక్కకు జారుతుంది కాబట్టి నిలబడ్డప్పుడే కొలవాలట. ముందు ఫొటోలు కూడా తీశారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది, పక్కన నర్సమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది. పూర్తి మత్తు ఇచ్చి దాదాపు మూడు గంటలు చేశారు. ఒక్కో వైపు అరకిలో పైనే తీశారు. తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపారు, రిపోర్టులో ఏమీ లేదని వచ్చేదాకా టెన్షనే.

మెలకువ వచ్చాక కోత నొప్పి ఉంది, మెడ మాత్రం తేలిగ్గా ఉంది. చెబితే ఎవరూ నమ్మలేదు.

కష్టమంతా ఇంటికొచ్చాకే. ఔటర్ రింగ్ రోడ్డు గతుకుల్లో సీటుబెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న దిండు పెట్టుకుని వచ్చాను. వెల్లకిలానే పడుకోవాలి. చేతులు భుజాల పైకి ఎత్తకూడదు, బరువులు మోయకూడదు. పప్పుల డబ్బాలన్నీ ముందే కింది అరల్లోకి దించాం. నీళ్ల క్యాన్ మావారే ఎత్తారు. నా తల దువ్వడానికి మదనపల్లె నుంచి దిగింది ఎవరనుకున్నారు? ఆ అక్కే. ముందు గుండీలుండే నైటీలు కొనిపెట్టుకోండి, సర్జికల్ బ్రా రెండు ఉండాలి. నాకు నిలువు కోత, అడ్డకోత కలిసే చోట కుట్టు కొంచెం విడింది. భయపడిపోయాను. అక్కడ లాగుడు ఎక్కువ కాబట్టి అలా జరగడం మామూలేనని చెప్పి డ్రెస్సింగులతోనే మాన్పించారు.

మచ్చలు ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి, సిలికాన్ జెల్ రాస్తున్నాను. అవి పాలిపోవడానికి ఏడాది పైనే పడుతుందన్నారు. ఎడమవైపు స్పర్శ పూర్తిగా రాలేదు. వేళ్ల తిమ్మిరి లేదు, ఈ ఎండాకాలం ఆయింట్‌మెంట్ ట్యూబు కొనలేదు. వచ్చే నెల మళ్లీ మామోగ్రామ్ ఉంది. లోపల కోతల మచ్చల వల్ల రొమ్ము వేరేలా కనిపిస్తుంది కాబట్టి ఆపరేషన్ అయిందని స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పమన్నారు. పాత ఫిల్ములు కూడా తీసుకెళ్తున్నాను.