రెడ్‌వుడ్ చెట్ల కింద పులిచింత చుట్టం

మ్యూర్ వుడ్స్‌కి వెళ్ళినవాళ్ళంతా తల పైకెత్తి నడుస్తారు, 250 అడుగులు దాటిన చెట్లు కూడా ఉన్నాయి మరి. నేను మాత్రం మార్చి నెలాఖరులో వెళ్ళి, మన పులిచింతకి చుట్టమైన రెడ్‌వుడ్ సారెల్ అనే చిన్న మొక్క కోసం సగం రోజు నేల చూసుకుంటూనే తిరిగాను. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉంది ఈ అడవి. పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి మొక్కల ఫొటోలు ముందే సేవ్ చేసుకుని వెళ్ళండి.

నేను చేసుకోలేదు. అందుకే దారిలో రోడ్డు పక్కన ఎండలో పసుప్పచ్చ పూలు కనిపించగానే ఇదే రెడ్‌వుడ్ సారెల్ అనుకుని ఆగి పది ఫొటోలు తీశాను. అది ఆక్సాలిస్ పెస్-కాప్రే అట, దక్షిణాఫ్రికా నుంచి వచ్చి కాలిఫోర్నియా అంతా కలుపులా పాకిన రకం, ఒక్కో కాడకి గుత్తిగా పూస్తుంది.

అసలు రెడ్‌వుడ్ సారెల్, శాస్త్రీయ నామం ఆక్సాలిస్ ఒరెగానా, వాగు వెంట నడుస్తుంటే కనబడింది. రెడ్‌వుడ్ ఆకులు రాలి మెత్తగా, తడిగా ఉన్న నేల మీద, ఫెర్న్‌ల మధ్య, తివాచీ పరిచినట్టు. పులిచింత తెలిసినవాళ్ళు ఆకు చూడగానే పోల్చుకుంటారు, అవే మూడు హృదయాలు, కాకపోతే బాగా పెద్దవి. తీగలా పాకే కాండం కనిపించదు, ఆకు కాడ, పూల కాడ దేనికది నేలలోంచే లేస్తాయి. కాడకి ఒక్కటే పువ్వు, తెలుపో లేత గులాబీయో, రేకుల మీద ఊదా గీతలు. పూలు దొరక్కపోయినా ఆకు, కాడ చూస్తే చాలు.

ఒకచోట కొమ్మల సందులోంచి చిన్న ఎండ ముక్క పడింది. చూస్తుండగానే, ఐదారు నిమిషాల్లో, ఆ ముక్కలో ఉన్న ఆకులన్నీ గొడుగులు ముడిచినట్టు కిందికి వాలిపోయాయి, పక్కన నీడలో ఉన్నవి మాత్రం చదునుగా అలాగే. పూర్తి ఎండలో 200వ వంతు వెలుతురుతో బతికే మొక్కకి నేరుగా పడే ఎండ దెబ్బే. వంగి చూస్తున్న నన్ను ఒకావిడ “ఏమైనా పోగొట్టుకున్నారా?” అని అడిగింది, చూపిస్తే తనూ కూర్చుండిపోయింది.

పుల్లగా ఉంటుందని తెలుసు, ఆక్సాలిక్ ఆమ్లం కదా, నోరూరింది కూడా, కానీ అక్కడ మొక్కలు తెంపకూడదు. ఎండ పక్కకి జరిగింది. ముడుచుకున్నంత త్వరగా తెరుచుకోవవి, ఓ ఇరవై నిమిషాలు చూశాం, అప్పటికీ సగమే లేచాయి.