వాడని ఇంపోర్టులన్నీ తీసేయొచ్చా? నా అనుభవం

మా టీమ్ చేతికొచ్చిన ఒక పాత పైథాన్ ప్రాజెక్టులో మొదటిసారి రఫ్ (కోడ్ చదివి తప్పులు చూపే లింటర్ అనే రకం టూల్) నడిపితే, స్క్రీన్ నిండా ఎఫ్401 వార్నింగులే వచ్చాయి. వేరేచోటి కోడ్‌ని ఇంపోర్ట్ చేశారు (ఈ ఫైల్లోకి తెచ్చుకున్నారు) గానీ ఎక్కడా వాడలేదని దాని అర్థం. ఫ్లేక్8 అనే మరో లింటర్‌లోనూ ఇదే కోడ్, పైలింట్ అనే ఇంకోదాంట్లో డబ్ల్యూ0611. ఫిక్స్ ఆప్షన్ ఇస్తే రఫ్ చాలావరకు తనే తీసేస్తుంది, అలా కానిచ్చేద్దామని టీమ్‌లో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు.

లింటర్ మన కోడ్‌ని నడపదు, చదువుతుంది అంతే. ఇంపోర్ట్ చేసిన పేరు ఆ ఫైల్లో మళ్ళీ కనిపించకపోతే వాడలేదనే తేల్చేస్తుంది. కానీ పైథాన్‌లో ఒక మాడ్యూల్‌ని (అంటే ఒక పైథాన్ ఫైల్‌ని) మొదటిసారి ఇంపోర్ట్ చేస్తే దాని పైస్థాయి కోడంతా, అంటే ఫంక్షన్ల లోపల లేనిదంతా, నడుస్తుంది. కొన్నిసార్లు మనకు కావలసింది పేరు కాదు, ఆ నడవడమే.

డేటాబేస్ టేబుళ్ళలో మార్పులు చేయడానికి వాడే మా అలెంబిక్ సెటప్‌లో సరిగ్గా అదే ఉంది. మైగ్రేషన్ల (ఆ మార్పులు చేసే స్క్రిప్టుల) ఎన్వ్ ఫైల్లో మోడల్స్‌ని (టేబుళ్ళను వర్ణించే క్లాసుల్ని) ఇంపోర్ట్ చేసే లైన్ ఒకటి. ఆ పేరు కింద ఎక్కడా రాదు, కాబట్టి ఎఫ్401. ఆ లైన్ తీసేస్తే మన టేబుళ్ళు మెటాడేటాలో (కోడ్‌కి తెలిసిన టేబుళ్ళ జాబితాలో) నమోదే కావు. అప్పుడు కోడ్‌నీ డేటాబేస్‌నీ పోల్చి మైగ్రేషన్ తనే రాసే ఆటోజెనరేట్ నడిపితే, డేటాబేస్‌లో ఉన్నవి కోడ్‌లో లేవనుకుని టేబుళ్ళను డ్రాప్ చేసే (తొలగించే) మైగ్రేషన్ రాసిపెడుతుంది! రివ్యూలో ఎవరూ చూడకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ లైన్ పక్కన నోక్వా కామెంట్ (ఈ లైన్‌ని వదిలెయ్యమని లింటర్‌కి చెప్పేది) పెట్టాం, ఎఫ్401 అని కోడ్‌తో సహా. ఉత్త నోక్వా రాస్తే ఆ లైన్‌లో రాబోయే మిగతా తప్పులు కూడా కనపడకుండా పోతాయి. ఎందుకు ఉంచామో పైన ఒక వాక్యం కూడా రాశాం.

ప్యాకేజీల (మాడ్యూళ్ళున్న ఫోల్డర్ల) ఇనిట్ ఫైళ్ళది వేరే కథ. అక్కడి ఇంపోర్టులు బయటివాళ్ళ కోసం. వాటిని డండర్ ఆల్ (__all__) జాబితాలో చేర్చితే వార్నింగ్ పోతుంది, ప్యాకేజీ బయటికి ఏమేం ఇస్తోందో చదివేవాళ్ళకూ తెలుస్తుంది. నోక్వా కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. టెస్టుల్లో ఇంపోర్ట్ చేసుకున్న పైటెస్ట్ ఫిక్స్చర్లను (టెస్టులకు కావలసినవి ముందే సిద్ధం చేసే ఫంక్షన్లను) కాన్ఫ్‌టెస్ట్ ఫైల్లోకి మార్చాం, అక్కడివాటిని పైటెస్ట్ తనే వెతుక్కుంటుంది కాబట్టి ఇంపోర్ట్ అవసరమే లేకుండా పోయింది. ఒక లైబ్రరీ ఉందో లేదో చూడడానికి ట్రై బ్లాక్‌లో ఇంపోర్ట్ చేసిన చోట రఫ్ సలహా ప్రకారమే ఇంపోర్ట్‌లిబ్‌లోని ఫైండ్‌స్పెక్ వాడాం, అది లైబ్రరీని ఇంపోర్ట్ చేయకుండానే ఉందో లేదో చెబుతుంది.

ఇవన్నీ పక్కకు తీశాకే మిగతావాటి మీద ఫిక్స్ నడిపాం. అప్పుడు మాత్రం టెన్షన్ లేదు, అవి నిజంగానే చెత్త. తర్వాత ఆర్‌యూఎఫ్100 రూల్ కూడా ఆన్ చేశాం. అవసరం తీరిన నోక్వా కామెంట్ ఎక్కడైనా మిగిలిపోతే అది పట్టిస్తుంది.