హూడి నుంచి ట్రినిటీ దాకా

బెంగళూరు హూడిలో మెట్రో ఎక్కగానే ఫోన్లో బైబిల్ తీసి లూకా 10వ అధ్యాయం తెరిచాను, తలెత్తి చూస్తే ట్రినిటీ స్టేషన్ వచ్చేసింది. చదివింది రెండే వచనాలు.

పోనీ రీల్స్ చూశానా అంటే అదీ కాదు. మన సంఘం యూత్ గ్రూపులో ఆదివారం కూడికకి కీబోర్డు ఎవరు తెస్తారు, కుర్చీలు ఎన్ని, భోజనాలు ఎంతమందికి అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు, నేను అన్నిటికీ జవాబులిస్తూ కూర్చున్నాను.

ఆ రెండు వచనాలూ మార్త, మరియ అనే అక్కచెల్లెళ్లవే. యేసు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుంది, మార్త పనుల్లో పడిపోయింది. పాపం, ఆమె చేస్తున్నది చెడ్డ పనేం కాదు, ఆయన కోసమే కదా ఆ హడావుడంతా! ఇన్నాళ్లూ నా ధ్యానాన్ని చెడగొట్టేది ఆఫీసు టెన్షన్, సిల్క్ బోర్డు ట్రాఫిక్ అనుకున్నాను, దేవుని పని పేరుతో కూడా దేవుణ్ణి పక్కన పెట్టేస్తానని తట్టనే లేదు.

రైలు దిగాక ఆఫీసుకి నడుస్తూ హోలీ ట్రినిటీ చర్చి దగ్గర ఆగాను. 1851 నాటి కట్టడం, చుట్టూ ఎంత రద్దీగా ఉన్నా నిశ్శబ్దంగా నిలబడి ఉంది. ఫోన్ ఆఫ్ చేసి, గోడ పక్కన నిలబడి ఐదు నిమిషాలు ప్రార్థించాను. ఏమీ అడగలేదు, ఊరికే ఆయనతో ఉన్నాను.

కీబోర్డు సంగతి సాయంత్రం చెప్తాను తమ్ముళ్లూ. రేపు పొద్దున మాత్రం బ్యాగులో అమ్మ ఇచ్చిన చిన్న కొత్త నిబంధన పుస్తకం పెట్టుకుంటున్నాను.