టెంప్లో మయోర్ నుంచి డెల్ఫీ దాకా: రెండు బలిపీఠాలు

మెక్సికో సిటీలో సోకలో మెట్రో స్టేషన్ బయటికి రాగానే పెద్ద చర్చి కనిపిస్తుంది. దాని వెనకవైపు మూలనే టెంప్లో మయోర్, అంటే అజ్టెక్‌ల ప్రధాన ఆలయం. ధర్నాలు, సభలు ఉన్న రోజుల్లో ఆ స్టేషన్ మూసేస్తుంటారు. అప్పుడు అయెందే స్టేషన్‌లో దిగి నడవాలి. సోమవారం ఆలయానికి సెలవు. మనవాళ్లలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవారికి మెక్సికో పర్యటనకు వేరే వీసా అక్కర్లేదు.

ఎత్తయిన పిరమిడ్ కోసం వెతికితే కనిపించదు. 1521లో ఇక్కడున్న అజ్టెక్ రాజధాని పడిపోయాక స్పానిష్‌వాళ్లు గుడిని కూల్చి, ఆ రాళ్లతో తమ కట్టడాలు లేపుకున్నారు. అయితే అజ్టెక్‌లు కొత్త గుడి కట్టినప్పుడల్లా పాతదాన్ని లోపలే ఉంచి, దాని మీద ఇంకొకటి కప్పుతూ వచ్చారు. అలా మొత్తం ఏడు దశలు. లోతున పూడిపోయిన రెండో దశ అందువల్లే బతికింది. నన్నడిగితే సమయమంతా అక్కడే పెట్టాలి. పైన పక్కపక్కనే రెండు గర్భగుళ్లు: ఎడమవైపు వాన దేవుడు త్లాలోక్‌ది, కుడివైపు యుద్ధ దేవుడు విట్సిలోపోచ్‌ట్లీది. త్లాలోక్ వాకిట్లో వెల్లకిలా ఒరిగి కూర్చున్న చాక్‌మూల్ విగ్రహం, దాని మీద ఇంకా చెరగని రంగులు. రెండో వాకిట్లో ఒక పొట్టి నల్లరాయి, అంతే. బలి మనిషిని దాని మీద వెనక్కి వంచితే ఛాతీ పైకి లేస్తుంది. పూజారి చెకుముకి రాతి కత్తితో చీల్చి గుండె తీసేవాడు.

దీన్ని వట్టి క్రూరత్వం అని కొట్టిపారేస్తే ఆ మతం అర్థం కాదు. మెక్సికోలోని పురాతన నగరం తెయోతివకాన్‌లో దేవుళ్లే మంటల్లో దూకి, ప్రాణాలిచ్చి ఈ సూర్యుణ్ణి నడిపించారని వాళ్ల నమ్మకం. ఆ బాకీ మనుషులు రక్తంతో తీర్చాలి, లేదంటే లోకం ఆగిపోతుంది. పూజారులు, రాజులు కూడా కిత్తనార ముళ్లతో తమ చెవులు, నాలుకలు గుచ్చుకునేవారు. మ్యూజియంలో 1978లో కరెంటు పనివాళ్లకు దొరికిన కోయొల్‌షౌకి అనే దేవత శిల ఉంది, మూడు మీటర్ల పైచిలుకు గుండ్రటి రాయి. తమ్ముడు విట్సిలోపోచ్‌ట్లీ ఆమెను చంపి కొండ మీంచి దొర్లించాడు. ఈ శిల ఉండేది సరిగ్గా అతని మెట్ల అడుగున. పైనుంచి దొర్లే ప్రతి శవంతో ఆ కథ మళ్లీ జరిగేది. పై అంతస్తు నుంచి చూస్తేనే తెగిన అవయవాలు విడివిడిగా తెలుస్తాయి.

గ్రీసులో లెక్క వేరు. ఏథెన్స్ నుంచి బస్సులో సుమారు మూడు గంటలు వెళితే డెల్ఫీ. అపోలో గుడి ఎదుట ఖియోస్ దీవివాళ్లు కట్టించిన నల్లరాతి బలిపీఠం ఉంది. ఇక్కడా జనం గుడి లోపల చేరేవారు కాదు, జంతువుల బలి ఆరుబయటే. తొడ ఎముకలకు కొవ్వు చుట్టి కాలిస్తే పొగ దేవుళ్లకు. మాంసం జనానికి విందు. ప్రొమీథియస్ అనే టైటాన్ దేవతల రాజు జ్యూస్‌ను మోసగించి ఈ పంపకం తెచ్చాడని వాళ్ల కథ. బలి మానేస్తే దేవుడికి కోపం రావచ్చు గాని సూర్యుడు ఆగడు.

డెల్ఫీలో అపోలోను ప్రశ్న అడగాలంటే ముందు మేక మీద చన్నీళ్లు చల్లేవారు. ఒళ్లంతా వణికితేనే అపోలో ఒప్పుకున్నట్టు. ఒకసారి మేక కదలకపోతే తడిపి తడిపి వణికించారు. ఇష్టం లేకుండానే లోపలికి దిగిన పిథియా (అపోలో మాట పలికే పూజారిణి) గొంతు మారిపోయి, కేక వేస్తూ బయటికి పరుగెత్తి కుప్పకూలింది, కొద్ది రోజులకే చనిపోయింది. అక్కడే పూజారిగా ఉన్న ప్లూటార్క్ రాసిన సంగతి ఇది. అజ్టెక్ బలిలో ఇలా దేవుడి ఒప్పుదల కోసం ఆగడం నాకెక్కడా కనిపించలేదు.

చావు విషయంలోనూ తేడా ఉంది. గ్రీకుల్లో దాదాపు అందరూ మృతుల లోకం హేడిస్ చీకట్లోకే. ఏథెన్స్ దగ్గరి ఎలెవ్సిస్‌లో రహస్య దీక్ష తీసుకున్నవారికి మాత్రం మెరుగైన గతి దొరుకుతుందన్న ఆశ. అజ్టెక్‌లకు ఎలా బతికావన్నది కాదు, ఎలా పోయావన్నదే ముఖ్యం: యుద్ధంలో పోతే సూర్యుడి వెంట, నీళ్లలో పోతే త్లాలోక్ లోకానికి, మామూలుగా పోతే తొమ్మిది అంచెల పాతాళం మిక్ట్లాన్‌కు.

డెల్ఫీ మొత్తం కొండ ఎక్కుడే, నీడ తక్కువ. ఎండాకాలంలో ఉదయమే శిథిలాలు చూసి మధ్యాహ్నం మ్యూజియంలోకి వెళ్లాలి. తిరుగు బస్సులు కొన్నే ఉంటాయి కాబట్టి ఏథెన్స్‌లో ఎక్కేటప్పుడే తిరుగు టికెట్టు కూడా తీసుకోండి.